పదిహేడో ముఖం

ప్రొఫెసరు మరణించిన మూడవ రోజున, మధ్యాహ్నం మూడు గంటల యాభై నిమిషాలకు, ఈ కేసులో మిగిలిన ఒకే ఒక్క సాక్షి ప్రొఫెసరు పరిశోధనాలయంలోని సందర్శకుల గదిలోకి నవ్వుతూ వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్ళ మనిషి. తనను పెంచి పెద్దచేసిన అక్క హత్యానేరం మీద పోలీసు లాకప్పులో ఉన్నదన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ ముఖంలో భయం మచ్చుకైనా లేదు.

“మీరు చాలా మంచివారండీ,” అన్నది ఎదుట కూర్చున్న పెద్దావిడతో.

“నన్ను చూసి నిమిషం కూడా కాలేదు. అప్పుడే ఎలా తేల్చావు?”

“అందరూ మంచివారే కదండీ.”

ఆ పెద్దావిడను ఊరంతా ఎర్రసిరా అంటుంది. పరీక్షల బోర్డులో ముప్పై ఒక్క సంవత్సరాలు కూర్చుని, జవాబు పత్రాలలో దొంగరాతలు పట్టుకుని, పదవీ విరమణ చేసిన తరువాత అదే పనిని మనుషుల మీద కొనసాగిస్తున్నది. ఇన్నేళ్ళలో ఆమెను మంచిదన్నవారు లేరు; అనిపించుకోవాలన్న కోరిక ఆమెకూ లేదు. లాకప్పులో ఉన్న అక్క ఒక కుట్టుషాపులో పనిచేస్తుంది. ఆ షాపు యజమానురాలు వచ్చి, “మా మనిషి నోరు పెద్దదే గాని చెయ్యి అలాంటిది కాదమ్మా” అని బతిమాలితే ఎర్రసిరా ఈ కేసు చేపట్టింది.

గోడకు ఆనుకుని నిలబడిన ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. అతడు స్వయానా ఎర్రసిరా భర్త తమ్ముడు. అన్న పోయిన తరువాత వదిన మీద గౌరవం పెరిగిందో తగ్గిందో అతడికే తెలియదు.

“వదినా, పదిహేను నిమిషాలు ఇచ్చాను. పన్నెండు ఉన్నాయి.”

“నాకు పది చాలు,” అని ఆమె చెల్లెలి వైపు తిరిగింది. “సోమవారం ఉదయం ఇక్కడికి ఎన్ని గంటలకు వచ్చారమ్మా?”

“తొమ్మిదీ యాభైకి. అక్క హాల్లో కూర్చుంది. పదీ పదికి ప్రొఫెసరు గారి అసిస్టెంటు నన్ను పరీక్ష గదిలోకి తీసుకెళ్ళారు.”

“బయటికి ఎప్పుడొచ్చావు?”

“పదీ నలభైకి. గోడ గడియారం చూశాను.”

“ఆ అరగంటా గదిలో ఏం చేశావు?”

“కూర్చున్నానండీ.”

“కూర్చుని?”

“కూర్చున్నాను. ముఖాల బొమ్మలు రావడం ఆలస్యమవుతుంది, కళ్ళు మూసుకుని కూర్చో, నేను పిలిచేదాకా తెరవకు అన్నారు ఆయన. అలాగే కూర్చున్నాను.”

ఎర్రసిరా కలం ఆగింది. “మరి బొమ్మలు చూశావా?”

“చూసినట్టు గుర్తులేదండీ. కానీ తర్వాత ఆయన వచ్చి, అయిపోయింది, బొమ్మలన్నీ చూశావు, మార్కులన్నీ వేశావు అన్నారు. అన్నారంటే చూసే ఉంటాను.”

“వచ్చి అన్నావు. ఎక్కడి నుంచి వచ్చి?”

“తెలీదండీ. కళ్ళు మూసుకున్నాను కదా.”

ఇన్‌స్పెక్టరు గోడను వదిలి ముందుకు వచ్చాడు. “వదినా, మీరు దీన్ని సాక్ష్యం అనుకునే ముందు ఒకటి చూడండి.” చెల్లెలి ఎదుట వంగి మెత్తగా అడిగాడు. “ఏమ్మా, నిన్న పొద్దున మనిద్దరం స్టేషన్ మెట్ల మీద కూర్చుని టీ తాగాం. గుర్తుందా?”

చెల్లెలు ఒక్క క్షణం ఆలోచించింది. “గుర్తులేదండీ. మీరు చెప్తున్నారంటే తాగే ఉంటాం. బాగుందా టీ?”

“చూశారా?” అన్నాడు అతడు. “నిన్న నేను ఈమె మొహమే చూడలేదు. ఈ మాటలు పట్టుకుని కోర్టుకెళ్తే జడ్జి నన్ను టీ తాగి రమ్మంటాడు.”

అతడన్నది నిజమే. ఈ చెల్లెలికి చిన్నతనంలో వచ్చిన అరుదైన జబ్బు ఒకటి మెదడులో ఇరుపక్కలా ఉండే బాదంగింజంత భాగాలను రాయిలా బిగదీసి పనికిరాకుండా చేసింది. ఎదుటి ముఖాన్ని చూసిన మరుక్షణం, ఆలోచనకన్నా ముందే, ‘జాగ్రత్త’ అని మనలోపల ఒకటి గంట కొడుతుందే, ఆ గంట కొట్టే చోటు అది. లెక్కలు చేయగలదు, కథలు చదవగలదు, కాజాలు కుట్టగలదు. అనుమానించడం మాత్రం చేతకాదు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు. ఒక మనిషిని మరో మనిషి ఎందుకు నమ్ముతాడన్నది ప్రొఫెసరు పదేళ్ళుగా చేస్తున్న పరిశోధన. అందుకే వారం వారం ఈమెను పిలిపించేవాడు. “మా పిల్ల తల మీ ప్రయోగశాల కాదు, ఇక చాలు” అని అక్క పోయిన వారం అందరూ వింటుండగా అతడితో తగువు పెట్టుకుంది. ఆ తగువే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

మిగిలినదంతా కాలం లెక్క. సోమవారం పదీ ఇరవై నాలుగుకు ప్రొఫెసరు తన సెల్లు నుంచి అచ్చాఫీసుకు ఫోన్ చేశాడు. అచ్చాఫీసావిడ వాంగ్మూలం ప్రకారం ఆయన చివరగా అన్న మాటలు: “మా పుస్తకం అచ్చు ఆపేయండి. అందులో లెక్కలు…” అంతే. పదీ ఇరవై ఆరుకు పెద్ద చప్పుడుతో ఫోను తెగింది. నేలమాళిగ మెట్ల కింద, తల వెనుక దెబ్బతో, పదీ యాభైకి ఆయన శవం దొరికింది. ఎవరో పైనుంచి తోశారు. అక్క పదీ ఇరవైకి ఆ మెట్ల వైపు నడవడం ఊడ్చే మనిషి చూసింది. మంచినీళ్ళ కుళాయి అటే ఉన్నదని అక్క అంటుంది; సాక్ష్యం లేదు. అసిస్టెంటుకు మాత్రం సాక్ష్యం ఉన్నది. పదీ పది నుంచి పదీ నలభై వరకు అతడు చెల్లెలికి పరీక్ష జరిపాడు. ఆమె నింపిన మార్కుల కాగితం ఉన్నది.

“ఈ అమ్మాయిని పంపించేయనా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పంపించు. పరీక్ష గది తెరిపించు.”

తెరిచింది అసిస్టెంటే. ముప్పై అయిదేళ్ళుంటాయి. అడగకుండానే పెద్దావిడకు కుర్చీ తెచ్చి వేశాడు, ఫ్యాను వేశాడు, ఆమె చేతిలోని సంచీ అందుకోబోయాడు. గొంతులో తేనె లేదు గాని వెచ్చదనం ఉన్నది. ప్రొఫెసరు పేరు ఎత్తినప్పుడల్లా కళ్ళు దించుకుంటున్నాడు. ఇటువంటి కొడుకు ఉంటే బాగుండునని ఏ తల్లికైనా అనిపించే మనిషి.

గది పన్నెండడుగుల చదరం. ఒక కుర్చీ, బల్ల, ఎదురుగా చిన్న కిటికీ ఉన్న తెర. తెర వెనుక ఒక ముక్కాలి పీట, బొమ్మల పెట్టె. పీట పక్కనే వెనుక తలుపు.

“పద్ధతి చెప్పు బాబూ,” అన్నది ఎర్రసిరా.

“అరవై ముఖాలమ్మా. ఒక్కోటి రెండు సెకన్లు ఆ కిటికీలో పెడతాం. ఈ మనిషిని నమ్మవచ్చా అని కాగితం మీద ఒకటి నుంచి పది దాకా ఉన్న అంకెల్లో ఒకదానికి వాళ్ళు సున్నా చుడతారు. నేను తెర వెనక ఉంటాను. నా మొహం చూసి వాళ్ళ మనసు మారకూడదు కదా.”

“వాళ్ళు ఎంత వేశారో నువ్వు చూస్తావా?”

“లేదమ్మా. చూడకూడదు. వాళ్ళే కవర్లో పెట్టి అంటించి బయట పెట్టెలో వేస్తారు. తెరిచేది సార్ ఒక్కరే. నేను నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను, ఒక్క కవరూ తెరిచి ఎరగను.”

“సోమవారం కూడా?”

“సోమవారం కూడా.” అతడు వినయంగా నవ్వాడు. “ఆ పిల్ల ఏమన్నా తికమకగా చెప్పిందా అమ్మా? పాపం, అలాగే చెప్తుంది. కోప్పడకండి.”

“నేను కోప్పడను. నువ్వు వెళ్ళిరా.”

అతడు తలుపు చప్పుడు కాకుండా చేరవేసి వెళ్ళాడు. ఎర్రసిరా వెనుక తలుపు తీసి గడియారం చేత పట్టుకుని నడిచింది. వరండాలో ముప్పై ఎనిమిది అడుగులు, నేలమాళిగ మెట్ల తల దగ్గరికి. అరవై మూడేళ్ళ మోకాళ్ళతో ముప్పై నాలుగు సెకన్లు. ఆ వరండా మీదికి మరే గది తలుపూ లేదు. తరువాత ఆమె ముందు హాలు పక్కనున్న ప్రొఫెసరు గదికి వెళ్ళి, లోపలి బీరువా తాళం అడిగింది.

“అందులో పాత కవర్లు తప్ప ఏమీ లేవు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“తెరిచి చూశావా?”

“అరవై ముఖాలకి ఎవరెవరు ఎన్ని మార్కులేశారో చదువుతూ కూర్చోడానికి నేను పరీక్షల బోర్డు కాదు వదినా.”

“అవును. అందుకే నేనొచ్చాను.”

చెల్లెలి పేరిట ఇరవై రెండు వారాల కాగితాలు దారంతో కట్టి ఉన్నాయి. ప్రొఫెసరు ఒక్కొక్కదానికి తేదీ వేసి దాచాడు. ఎర్రసిరా ఒకటొకటిగా తిప్పింది. ఇన్‌స్పెక్టరు మొదట కిటికీ లోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అయిదారు కాగితాలయ్యాక ఆమె భుజం మీది నుంచి తొంగిచూడడం మొదలుపెట్టాడు.

పది. పది. పది. అరవై ముఖాలకూ పది. ఇరవై రెండు వారాలూ పది. ఎక్కడా తొమ్మిది కూడా లేదు.

“సోమవారం కాగితం తియ్యి,” అన్నది ఆమె.

అతడు ఫైలు లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తొమ్మిది, పది, ఎనిమిది, పది, తొమ్మిది. దానం చేసినట్టు ఉదారంగా వేసిన మార్కులు. పదిహేడో ముఖం దగ్గర నాలుగు. ముప్పై నాలుగుకు అయిదు. యాభై రెండుకు మళ్ళీ నాలుగు.

“పరీక్షలో కాపీ కొట్టే తెలివైనవాడు ఏం చేస్తాడో తెలుసా?” అన్నది ఎర్రసిరా. “అన్నీ ఒప్పులు రాయడు. రాస్తే దొరికిపోతానని రెండు మూడు తప్పులు కావాలని రాస్తాడు. ఈ పిల్ల అందర్నీ నమ్ముతుందని ఆ అసిస్టెంటుకి తెలుసు. కానీ ఎంత నమ్ముతుందో తెలీదు. కవర్లు తెరవలేదన్నాడు చూడు, అది మాత్రం నిజమే చెప్పాడు. అన్నీ పదులు వేస్తే ఎవరూ నమ్మరనుకున్నాడు. అక్కడక్కడ తగ్గించాడు.”

“ఆ అమ్మాయే ఆ రోజు తగ్గించి ఉండొచ్చు. మనిషన్నాక మారదా?”

“మనిషి మారుతుంది. తలలో లేని ముక్క మొలకెత్తదు.”

“ఇదంతా మీ ఊహ.”

“అయితే రా. కూర్చో.”

“ఏంటి?”

“కూర్చో మరిదిగారూ. పదిహేను నిమిషాలు నువ్విచ్చావు, అయిదు నిమిషాలు నేనడుగుతున్నా.”

అతడిని పరీక్ష గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, సోమవారం నాటి బొమ్మల పెట్టెతో ఆమె తెర వెనుకకు వెళ్ళింది. రెండేసి సెకన్లకు ఒక ముఖం. అతడు మొదట వెటకారంగా, తరువాత విసుగుగా, ఆ తరువాత మామూలుగా అంకెలు చెప్పసాగాడు. ఏడు. ఆరు. ఏడు. ఎనిమిది. పదిహేడో ముఖం కిటికీలోకి వచ్చీరాకముందే అతడి నోటి నుంచి “రెండు” అని వచ్చింది. ముప్పై నాలుగుకు మూడు. యాభై రెండుకు రెండు.

ఎర్రసిరా తెర పక్కకు తీసి పదిహేడో బొమ్మ అతడి ముందు పెట్టింది. కలిసిన కనుబొమ్మలు, లోపలికి పోయిన కళ్ళు, కింది పెదవి లేనంత పల్చటి నోరు.

“ఎందుకు రెండు వేశావు?”

“ఏమో. ఆ మొహం అలా ఉంది.”

“ఎవరో తెలుసా?”

“తెలీదు.”

ఆమె బొమ్మను వెనుకకు తిప్పింది. ప్రొఫెసరు చేతిరాత: ‘ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఏ ఫిర్యాదూ లేదు.’

ఇన్‌స్పెక్టరు ఆ అక్షరాలను రెండుసార్లు చదివాడు.

“నీ తల ఆలోచించకముందే తీర్పు చెప్పేసింది,” అన్నది ఎర్రసిరా. “నా తలా చెప్తుంది. అందరి తలా చెప్తుంది, ఆ ఒక్క పిల్లది తప్ప. ఎన్ని మార్కులు తగ్గించాలో అసిస్టెంటు తనే అనుకుని ఉంటాడు. ఎవరికి తగ్గించాలో మాత్రం వాడి చెయ్యి వాడినడక్కుండా చూసుకుంది. సరిగ్గా నువ్వు తగ్గించిన చోటే. ఈ కాగితం నింపింది భయం తెలిసిన తల.”

ఇన్‌స్పెక్టరు ఆ బొమ్మను బల్ల మీద బోర్లించాడు.

“ఇంకోటి అడుగుతాను, చెప్పు. అక్కని ఎందుకు పట్టుకున్నావు?”

“మెట్ల వైపు వెళ్ళింది. ముందు వారం తగువు పడింది.”

“అది ఫైల్లో రాసింది. నీకు మొదట అనిపించింది ఎప్పుడు?”

అతడు నిజం చెప్పాడు. “శవాన్ని చూపించినప్పుడు. కన్నీటి చుక్క లేదు. కళ్ళార్పకుండా నా వైపే చూసింది. ఆ మొహం…”

“ఆ మొహం పదిహేడో నంబరు. ఇన్నేళ్ళుగా చెల్లెలి బదులు కూడా తనే అనుమానిస్తూ బతికితే మొహం అలాగే తయారవుతుంది. అసిస్టెంటుకేమో మనసులోనే పదికి పది వేసేశావు. సిగ్గుపడకు. వాడు కుర్చీ తెచ్చి వేసినప్పుడు నేను తొమ్మిది వేశాను.”

ప్రొఫెసరు గదికి తిరిగి వచ్చి చూస్తే, బీరువాలో ఆ కట్ట కిందనే మరో కాగితం ఉన్నది. పద్నాలుగు పరీక్షల నంబర్లు ప్రొఫెసరు వరుసగా రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు. వేర్వేరు మనుషుల పేరిట, వేర్వేరు నెలల్లో జరిగిన ఆ పద్నాలుగు పరీక్షల మార్కులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని కింద ఒక వాక్యం. పద్నాలుగింటి మీదా పరీక్ష జరిపినవారి సంతకం ఒక్కటే, అసిస్టెంటుది. మనుషులను పిలవకుండా, తెర వెనుక ఒక్కడే కూర్చుని, కాగితాలు నింపి, కవర్లు అంటించి, పెట్టెలో వేస్తూ వచ్చాడన్నమాట. ఆ దొంగలెక్కలే పుస్తకంలోకి ఎక్కాయి. సోమవారం పదీ ఇరవై నాలుగుకు ప్రొఫెసరు ఆపమన్నది ఆ పుస్తకాన్నే.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పొగరు ఉన్న మనిషే గాని, తప్పు కనబడిన తరువాత దాని మీద కూర్చునే రకం కాదు.

“అసిస్టెంటుని పిలిపిస్తాను.”

“పిలిపించు. ముందు ఆ పిల్ల దగ్గర నమ్మకమైన కాపలా పెట్టు. కళ్ళు మూసుకో అన్నాడని చెప్పేది ఆమె ఒక్కతే. కోర్టు నమ్మకపోయినా వాడికి ఆ నోరు భయమే. ఇంటికి ఎవరు తీసుకెళ్ళారు, మహిళా కానిస్టేబులేనా?”

అతడు బల్ల మీది టోపీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఎవరు తీసుకెళ్ళారు?”

“కానిస్టేబుల్‌కి ఇంకో డ్యూటీ పడింది. జీపు స్టేషన్‌కి వెళ్ళిపోయింది.” అతడు గడియారం వైపు చూశాడు. “మీరు వరండా కొలుస్తుండగా అసిస్టెంటే వచ్చి అడిగాడు వదినా. దారిలోనే కదా, నా కారులో దింపేస్తాను, పాపం ఒంటరిగా ఎలా వెళ్తుంది అన్నాడు. నేనే సరేనన్నాను.”

“ఎన్ని గంటలకు?”

“నాలుగుంబావుకి.”

గోడ గడియారంలో నాలుగూ ముప్పై రెండు. ఎర్రసిరా అప్పటికే చెల్లెలి నంబరు నొక్కింది. రెండో మోతకే ఎత్తి, గొంతు పోల్చుకుంది.

“మీరా అండీ,” అన్నది సంతోషంగా.

“ఎక్కడున్నావమ్మా?”

“కారులో. ఆయన పెట్రోలు పోయించుకోడానికి దిగారు.”

“చుట్టూ ఏం కనిపిస్తోంది?”

“పెద్ద నీళ్ళ ట్యాంకు. ఇంకేం లేదు. ఇది మా ఇంటి దారి కాదు, కానీ దగ్గరదారి అన్నారు.”

ఎర్రసిరా ‘నీళ్ళ ట్యాంకు, పెట్రోలు బంకు’ అని కాగితం మీద గీకి మరిది వైపు తోసింది. అతడు తన ఫోనులో ఆ మాటలే ఎవరికో అరుస్తూ వరండాలోకి పరిగెత్తి, వెంటనే తిరిగి వచ్చాడు.

“ఆయన నీకేమైనా ఇచ్చారా?”

“చిన్న సీసాలో మందు ఇచ్చారండీ. అక్క గురించి బెంగ తగ్గుతుందట. నాకు బెంగేమీ లేదని చెప్పాను. అయినా తాగమన్నారు. వచ్చేలోగా తాగేయమన్నారు.”

“తాగావా?”

“లేదండీ. ఎవరేమిచ్చినా నాకు చెప్పకుండా నోట్లో పెట్టుకోవద్దు అంటుంది అక్క. అందుకని అక్కకి ఫోన్ చేశాను. మూడుసార్లు చేశాను. కలవడం లేదు.”

ఫోనుకు దగ్గరగా వంగిన ఇన్‌స్పెక్టరు ఆ మాట విన్నాడు. అక్క ఫోను ఆపివేసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి తన బల్ల సొరుగులో పెట్టింది అతడే.

“తాగకమ్మా. ఆ మనిషి మంచివాడు కాదు.”

“అలాగా అండీ,” అన్నది చెల్లెలు. పుట్టుగుడ్డి ముందు ఎరుపు గురించి చెబితే అతడు ఎంత మర్యాదగా వింటాడో, అంత మర్యాదగా.

ఎర్రసిరా ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. “స్టేషన్‌కి చెయ్యి. లాకప్పు తెరిపించి అక్కని ఫోను దగ్గరికి రప్పించు. ఎవర్ని నమ్మాలో చెప్పే ముక్క ఈ పిల్ల తలలో లేదు. ఇన్నేళ్ళుగా అది అక్క తలలో ఉంది. దానికి నువ్వు తాళం వేశావు.”

అతడు చేశాడు. ఎంగేజి. మళ్ళీ చేశాడు. ఎంగేజి.

“అమ్మా, విను. ఆ సీసా అక్కకి చూపించాలి. అక్క వచ్చేదాకా మూత తియ్యకు. కారు తలుపు తీసుకుని దిగి, బంకులో జనం ఉన్న చోటికి వెళ్ళి నిలబడు.”

“దిగొద్దన్నారండీ ఆయన.” గొంతులో బెదురు లేదు, లెక్క కుదరని పిల్ల టీచరును అడిగే తికమక మాత్రమే ఉన్నది. “అదుగో, డబ్బులిచ్చేసి ఇటే వస్తున్నారు. నవ్వుతున్నారు కూడా. ఆయన తాగమంటున్నారు, మీరు వద్దంటున్నారు. ఇద్దరూ మంచివారే. నేనెవరి మాట వినాలండీ?”